గసరాకి చూద్దామనుకునేవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలు

అసలు గసరాకి అంటే ఏంటి, ఎవరు తీశారు?

1998 అక్టోబర్ నుంచి 1999 మార్చి దాకా జపాన్‌లో టీవీ టోక్యోలో వచ్చిన 25 ఎపిసోడ్ల రోబో అనిమే (జపాన్ యానిమేషన్ సిరీస్). తీసింది సన్‌రైజ్ స్టూడియో, అదే గండమ్ అనే పేరున్న రోబో సిరీస్ తీసినవాళ్ళు. డైరెక్టర్ రియోసుకే తకహాషి, ఈయన గురించి తెలియకపోతే ముందు కొంచెం తెలుసుకోండి, ఎందుకంటే రోబోలని దేవుళ్ళలా కాకుండా జీపుల్లాగా ట్యాంకుల్లాగా వాడి పారేసే వస్తువుల్లా చూపించిన మనిషి ఈయనే. 1981లో మొదలైన ఆయన సిరీస్ డౌగ్రామ్ 75 ఎపిసోడ్లు నడిచింది, అందులో రోబో ఫైట్ల కంటే మీటింగులు, బేరసారాలు, వెన్నుపోట్లే ఎక్కువ. 1983లో వోటమ్స్ తీశాడు, అందులో రోబో ఎత్తు నాలుగు మీటర్ల లోపే, పాడైతే వదిలేసి ఇంకోటి ఎక్కేస్తారు. ఆ రెండిటి తర్వాత పదిహేనేళ్ళకి వచ్చింది గసరాకి. తకహాషి కింద అసిస్టెంట్ డైరెక్టర్‌గా పనిచేసిన గోరో తనిగుచి తర్వాత 2006లో కోడ్ గియాస్ అనే అనిమే తీశాడు, రాజకీయం ప్లస్ రోబో ప్లస్ అర్థంకాని శక్తి అనే కాంబినేషన్ ఆయనకి ఎక్కడ అబ్బిందో గసరాకి చూస్తే మీకే తెలుస్తుంది.

కథ రెండు ముక్కల్లో చెప్పండి, స్పాయిలర్లు లేకుండా.

జపాన్‌లో గోవా అని ఒక కుటుంబం (మన గోవాకి సంబంధం లేదు, పలకడం ఒకటే అంతే), ఆయుధాలు తయారుచేసే పెద్ద పారిశ్రామిక సామ్రాజ్యం వాళ్ళది, కానీ అసలు వాళ్ళు వందల ఏళ్ళుగా ఒక పాత రహస్యం కాపాడుకుంటూ వస్తున్న వంశం. నలుగురు అన్నదమ్ములు, ఒక చెల్లెలు. నాలుగోవాడు యూషిరో మన హీరో. వాడు నో నాటకం (మాస్క్ పెట్టుకుని ఆడే పాత జపాన్ నాటకం, కింద చెప్తా) ఆడతాడు, అదే ఒంటితో టాక్టికల్ ఆర్మర్ అనే యుద్ధ రోబో కూడా నడుపుతాడు. మిడిల్ ఈస్ట్‌లో బెల్గిస్తాన్ అనే (కల్పిత) దేశంలో అణుబాంబు లాంటి వింత పేలుడు ఒకటి జరుగుతుంది, అమెరికా ముందుండి మల్టీనేషనల్ ఫోర్స్‌తో దాడికి దిగుతుంది, సులువుగా అయిపోతుందనుకున్న యుద్ధంలో వాళ్ళ ట్యాంకుల్ని ఎవరో రోబోలతో నుజ్జు చేస్తారు. ఆ రోబోలు సింబల్ అనే రహస్య సంస్థవి, వాటిని నడిపేవాళ్ళలో మిహారు అనే అమ్మాయి ఉంటుంది. యూషిరోకి ఉన్న శక్తే ఆ అమ్మాయికీ ఉంది. ఇక్కడితో ఆపుతా.

టీవీలో ఇంకా చాలా రోబో అనిమేలు ఉండగా ఇదే ఎందుకు?

నాకు దీంట్లో నచ్చింది ఒకటే విషయం, ఈ పేజీ మొత్తం దానిచుట్టే తిరుగుతుంది కాబట్టి ముందే చెప్పేస్తా. ఈ సిరీస్‌లో ఎవరి బలమూ వాళ్ళ సొంతం కాదు. రోబో కండలు ఎప్పటివో పాత కళేబరాల నుంచి తెచ్చుకున్నవి, జపాన్ రక్షణ అమెరికా నుంచి తెచ్చుకున్నది, జపాన్ తినే తిండి ఓడల మీద వచ్చేది, చివరికి హీరో పేరు కూడా వాడిదేనా అని డౌట్ వస్తుంది. అన్నీ అరువే. మన పెద్దవాళ్ళు అరువు సొమ్ము బరువు చేటు అంటారు కదా, అక్కడ నగ గురించి అన్నారు, ఇక్కడ ఒక దేశం గురించి, ఒక కుర్రాడి ఒంటి గురించి. మంత్రతంత్రాల కథ వేరు, రాజకీయం కథ వేరు, రెండూ అతికించారు అని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను, రెండూ ఒకే ప్రశ్న అడుగుతున్నాయి: నీది కాని బలంతో నువ్వు నిలబడితే, అది ఇచ్చినవాడు వెనక్కి అడిగిన రోజు ఏం చేస్తావు?

రియలిస్టిక్ అంటారు, అంత పెద్ద రోబోలో రియలిస్టిక్ ఏముంటుంది?

మొదట సైజు. టాక్టికల్ ఆర్మర్, షార్ట్‌గా టీఏ, బిల్డింగ్ అంత ఉండదు, ఒక లారీ నిటారుగా నిలబడినట్టు అనుకోండి. రెండోది, అది ఒంటరిగా యుద్ధానికి పోదు. దాని వెనక కమాండ్ వెహికల్, అందులో కంప్యూటర్ల ముందు కూర్చున్న టీమ్, వాళ్ళ స్క్రీన్ల మీద రోబో పరిస్థితే కాదు పైలట్ గుండె ఎంత కొట్టుకుంటోంది, ఒత్తిడి ఎంత ఉంది అన్నీ కనిపిస్తుంటాయి. నాకైతే ఇది చాలా భయంగా అనిపించింది, అంటే మనిషి కూడా మెషిన్‌లో ఇంకో పార్ట్ అన్నమాట, ఆ పార్ట్ వేడెక్కితే ఎవరో దూరం నుంచి చూసి నిర్ణయం తీసుకుంటారు.

మూడోది, దాన్ని ఎక్కడ వాడాలి అనేదాని మీద సిరీస్‌లో నిజాయితీ ఉంది. బయలు ప్రదేశంలో ట్యాంకు ట్యాంకే, దూరం నుంచి ఒక్క గుండు చాలు. టీఏ పనికొచ్చేది ఊళ్ళో, సందుల్లో, గోడల చాటున, మెట్లున్న చోట, అంటే ట్యాంకు దూరలేని చోట. రెండు కాళ్ళు ఎందుకు అనే ప్రశ్నకి నేను చూసిన రోబో అనిమేల్లో ఇంత సూటిగా జవాబు చెప్పింది ఇదే.

ఇంక టీవీ న్యూస్. యుద్ధాన్ని న్యూస్ ఛానెల్ ఎలా చూపిస్తుంది, ప్రెస్‌మీట్‌లో ఏం దాస్తారు, ఆ దాచింది చూసి షేర్ మార్కెట్ ఎలా కదులుతుంది, ఇవన్నీ కథలో భాగం. 1991 గల్ఫ్ యుద్ధాన్ని ప్రపంచం మొత్తం టీవీలో లైవ్‌గా చూసింది కదా, ఆ యుద్ధం చూసిన మనుషులు తీసిన సిరీస్ ఇది అని ప్రతి ఫ్రేమ్‌లో తెలుస్తుంది.

ఆ నో నాటకం గోల ఏంటి, అది స్కిప్ చేయొచ్చా?

దయచేసి స్కిప్ చేయకండి. మొదటి ఎపిసోడ్‌లోనే యూషిరో సముద్రం పక్కన రాతి వేదిక మీద గసర అనే పాత నాట్యం చేస్తాడు, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, దాంతో సగంమంది అక్కడే ఆపేస్తారు. కొంచెం నో గురించి తెలిస్తే అదే సీన్ వెంట్రుకలు నిక్కబొడుచుకునేలా ఉంటుంది.

నో అనేది 14వ శతాబ్దంలో కన్‌అమి, ఆయన కొడుకు జెఅమి చేతుల్లో ఒక రూపానికి వచ్చిన జపాన్ నాటకం. మాస్క్ పెట్టుకుని ఆడతారు, ఒక వేణువు, మూడు రకాల డప్పులు, మధ్యమధ్యలో డప్పు కొట్టేవాళ్ళ కేకలు. అందులో ఒక రకం నాటకాల్లో కథ దాదాపు ఇలా ఉంటుంది: ఒక బాటసారి సన్యాసి ఏదో ఊరికి వస్తాడు, అక్కడ ఒక మామూలు మనిషి కనిపించి ఆ చోటి గురించి పాత కథ చెప్తాడు, రెండో భాగంలో తెలుస్తుంది అతను మనిషి కాదు, ఆ కథలో చచ్చిపోయినవాడి ఆత్మే అని. అంటే నో స్టేజీ అనేది చచ్చినవాళ్ళు బతికున్నవాళ్ళ ముందుకి వచ్చే చోటు. ఆ స్టేజీకి పక్కనుంచి ఒక వంతెన లాంటి దారి ఉంటుంది, నటుడు దాని మీద నుంచే వస్తాడు, అది ఆ లోకం నుంచి ఈ లోకానికి దారి అని చాలామంది చెప్తారు.

ఇప్పుడు గసరాకి చూడండి. యూషిరో నాట్యం చేస్తుంటే ఏదో ఒకటి వాడిలోకి వస్తుంది, వాడి ద్వారా ఈ లోకంలోకి రాబోతుంది. మనకి దీనికి వేరే డిక్షనరీ అక్కర్లేదు, పూనకం అనే మాట మనకి ఉంది. జాతరలో పూనకం వచ్చిన మనిషిని చుట్టూ ఉన్నవాళ్ళు పట్టుకుని భవిష్యవాణి అడుగుతారే తప్ప ఆ మనిషికి ఎలా ఉందో ఆ క్షణంలో ఎవరూ అడగరు. గోవా కుటుంబం యూషిరోతో చేసేది సరిగ్గా అదే, కాకపోతే వాళ్ళు అడిగేది వరం కాదు, ఆయుధం.

ఇంకొక చిన్న విషయం, ఇది నా సొంత ఆలోచన. నో మాస్క్ కళ్ళ రంధ్రాలు చాలా చిన్నవి, నటుడికి దాదాపు ఏమీ కనపడదు, స్టేజీ మూలనున్న స్తంభం చూసుకుని ఎక్కడున్నాడో లెక్కేసుకుంటాడు. టీఏలో కూర్చున్న పైలట్‌ది కూడా అదే పరిస్థితి, బయట ప్రపంచం కళ్ళకి తెలియదు, సెన్సార్ చూపించిందే చూడాలి. ముఖం కనపడని ఒక పెద్ద ఒంట్లో దాక్కుని నడిచే మనిషి. యూషిరోకి రెండు పనులూ ఇచ్చింది ఊరికే కాదనిపిస్తుంది నాకు.

కుగై, కై, మైల్ వన్, ఫేక్... ఈ పేర్లన్నీ కన్‌ఫ్యూజ్ చేస్తున్నాయి.

అవును, సిరీస్ వాళ్ళు కూర్చోబెట్టి వివరించరు, సంభాషణల్లో దొర్లించేస్తారు. కుగై అంటే పాతకాలంలో వాడిన భయంకరమైన కవచాలు, ఆ పేరు రాసేటప్పుడు మొదటి అక్షరానికి అర్థం ఎముక. కై అంటే వాటిని కదిలించగలిగే మనిషి, వంశంలో ఎప్పుడో ఒకరికి వచ్చే శక్తి. మైల్ వన్ అంటే ఆ కుగై నుంచి నేర్చుకుని తయారుచేసిన కృత్రిమ కండరం, టీఏ కదిలేది దాంతోనే. ఫేక్ అంటే సింబల్ వాళ్ళ రోబో, అదీ అదే మూలం నుంచే. అంటే రెండు పక్షాల ఆయుధాలూ ఒకే తల్లి పిల్లలు. ఇది తెలిసి చూస్తే యూషిరో, మిహారు మొదటిసారి ఎదురుపడే సీన్ ఫైట్‌లా కాకుండా ఒకరినొకరు గుర్తుపట్టడంలా ఉంటుంది.

గసరాకి అనేదే ఏంటి అని కూడా అడుగుతుంటారు. అది నేను చెప్పను, చూసి తెలుసుకోండి.

రాజకీయం ఎపిసోడ్లు బోర్ కదా? రోబోలు ఎక్కడ?

మొదటిసారి నేనూ బెల్గిస్తాన్ యుద్ధం అయిపోయాక ఆపేశాను, రెండేళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెట్టి రెండు రాత్రుల్లో పూర్తిచేశాను. ఇప్పుడు నన్ను అడిగితే రెండో సగమే అసలు సిరీస్ అంటా.

అక్కడ నిషిదా అనే మనిషి వస్తాడు. జపాన్ ఎలా తయారైందో చూడలేక తన కళ్ళు తనే పోగొట్టుకున్న జాతీయవాది. చాలా నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడతాడు. ఆయన్ని విలన్‌లా గీయలేదు, అదే ఆ పాత్రలో ప్రమాదం, వింటుంటే సగం నిజమే కదా అనిపిస్తుంది. ఆయన వెనక సైన్యంలో హిరోకావా లాంటి ఆఫీసర్లు, పక్కనే అవకాశం కోసం చూస్తున్న గోవా పెద్దన్న కజుకియో. తిరుగుబాటుకి ప్లాన్.

జపాన్ వాళ్ళకి ఇది గాల్లోంచి వచ్చిన కథ కాదు. 1936 ఫిబ్రవరి 26న యువ సైనికాధికారులు దాదాపు 1,500 మంది సైనికులతో టోక్యో నడిబొడ్డుని ఆక్రమించి ఆర్థిక మంత్రితో సహా కొందరు పెద్దల్ని చంపారు, మూడు రోజుల్లో అణచివేశారు. 1970 నవంబర్ 25న రచయిత యుకియో మిషిమా టోక్యోలో ఇచిగయా సైనిక కేంద్రంలోకి వెళ్ళి బాల్కనీ మీద నుంచి సైనికుల్ని లేవండి అని పిలిచాడు, వాళ్ళు ఎగతాళి చేశారు, ఆయన లోపలికి వెళ్ళి కడుపు కోసుకున్నాడు. నిషిదా మాట్లాడేటప్పుడు జపాన్ ప్రేక్షకుడికి ఆ రెండు తేదీలూ వెనక వినిపిస్తాయి. మనకి వినిపించవు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

గోధుమలు ఆపేస్తే దేశం కూలిపోతుందా, అది ఓవర్ కాదా?

ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. సిరీస్‌లో అమెరికా ధాన్యం ఎగుమతులు ఆపేయడం అనేది బాంబు కంటే పెద్ద దెబ్బ. ఓవర్ అనుకునేవాళ్ళు ఇది చూడండి: ఈ సిరీస్ వచ్చిన కాలంలో జపాన్ తినే తిండిలో కేలరీల లెక్కన దేశంలో పండేది 40 శాతమే. బియ్యం వాళ్ళకి సరిపోతుంది, కానీ గోధుమ, సోయా, పశువుల దాణాకి మొక్కజొన్న చాలావరకు బయటనుంచే, అందులో అమెరికా వాటా పెద్దది. 1973లో అమెరికాలో నిక్సన్ ప్రభుత్వం సోయా ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టింది, కొన్నాళ్ళే, కానీ టోఫు, మిసో, సోయా సాస్ లాంటి సోయాతో చేసేవాటి మీద బతికే దేశంలో అది ఎంత భయం పుట్టించిందో ఆ తరం మర్చిపోలేదు. ఆ బియ్యం కూడా, 1993లో ఎండాకాలం చలిగా ఉండి పంట పోతే థాయ్‌లాండ్ నుంచి అర్జెంటుగా తెప్పించుకోవాల్సి వచ్చింది.

దీనికి సిరీస్‌లో జపాన్ వైపు నుంచి తిరుగు దెబ్బ కూడా ఉంది, డబ్బుతో. అమెరికా ప్రభుత్వ బాండ్లు జపాన్ దగ్గర గుట్టలుగా ఉన్నాయి, అవి ఒకేసారి అమ్మేస్తే? ఇది కూడా కల్పన కాదు, 1997 జూన్‌లో జపాన్ ప్రధాని ర్యుతారో హషిమోతో న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీలో మాట్లాడుతూ ఆ బాండ్లు అమ్మేయాలని అప్పుడప్పుడు అనిపించింది అన్నట్టు ఒక మాట అన్నాడు, అంతే, ఆ రోజు అమెరికా షేర్ మార్కెట్ సూచీ డౌ జోన్స్ 190 పాయింట్ల పైన పడింది. ఒక్క మాటకి. తర్వాత ఏడాదే ఈ సిరీస్. ఇంక 1997 నవంబర్‌లోనే యమైచి సెక్యూరిటీస్ అనే పెద్ద కంపెనీ మూతపడింది, ఆసియా అంతా కరెన్సీలు పడిపోతున్నాయి. అంటే ఇది చూసిన జపాన్ మనిషి ఇంట్లో కూర్చుని భవిష్యత్తు చూడట్లేదు, ఆ వారం పేపర్ చూస్తున్నట్టే చూశాడు.

అప్పు ఇచ్చినవాడు బలవంతుడా, తిండి పెట్టేవాడు బలవంతుడా? రెండు దేశాలూ ఒకదాని గొంతు ఒకటి పట్టుకుని నిలబడ్డాయి. యూషిరో, వాడి కుటుంబం కూడా సరిగ్గా అలాగే ఉంటారు, వాడు లేకపోతే వాళ్ళకి శక్తి లేదు, వాళ్ళు లేకపోతే వాడికి పేరు లేదు.

జపాన్ సైన్యం విదేశాలకి వెళ్ళడం అంత పెద్ద విషయమా?

చాలా పెద్ద విషయం. రాజ్యాంగంలో 9వ అధికరణ ప్రకారం జపాన్ యుద్ధం అనే హక్కునే వదులుకుంది, ఉన్నది ఆత్మరక్షణ దళం మాత్రమే. 1991 గల్ఫ్ యుద్ధానికి సైనికుల్ని పంపకుండా 1,300 కోట్ల డాలర్లు ఇచ్చింది, అయినా డబ్బిచ్చి తప్పుకుంది అని మాటపడింది. 1992లో చట్టం చేసి కంబోడియాకి శాంతి పనుల కోసం పంపారు. ఈ నేపథ్యంలో సిరీస్‌లో టీఏ యూనిట్‌ని బెల్గిస్తాన్‌కి పంపడం అంటే ప్రతి జపాన్ ఇంట్లో వాదన జరిగే విషయం. 2004లో నిజంగానే జపాన్ దళాలు ఇరాక్‌లో సమావాకి వెళ్ళాయి, మంచినీళ్ళు, రోడ్లు, స్కూళ్ళ రిపేర్ల లాంటి పనులకి. ఐదేళ్ళ ముందు వచ్చిన సిరీస్‌ని ఆ తర్వాత చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

లవ్ స్టోరీ ఉందా?

ఉంది కానీ మాటలు తక్కువ. యూషిరో, మిహారు ఇద్దరూ పారిపోయి టోక్యోలో వలస వచ్చినవాళ్ళ మధ్య తలదాచుకునే ఎపిసోడ్లు కొన్ని ఉన్నాయి, రోబో లేదు, మంత్రం లేదు, ఇద్దరు పిల్లలు మామూలుగా ఎలా ఉండాలో నేర్చుకుంటుంటారు. పేస్ స్లో అయింది అని తిట్టేవాళ్ళున్నారు. నాకైతే ఇద్దరి ఒంటి మీద ఎవరి సెన్సార్లూ లేని రోజులు సిరీస్ మొత్తంలో అవి మాత్రమే. ఆ రోజులు ఎంతసేపు ఉంటాయో తెలుసు కాబట్టే గుండె బరువెక్కుతుంది.

గండమ్, ఎవాంజెలియన్ చూశాను, అలాంటిదేనా?

1979 గండమ్‌లో కూడా యుద్ధ రాజకీయం ఉంది, న్యూటైప్ అనే అతీత శక్తీ ఉంది, కానీ అక్కడ ఆ శక్తి ముందుకి చూస్తుంది, మనిషి రేపు ఏమవుతాడు అని. గసరాకిలో శక్తి వెనక్కి లాగుతుంది, హెయియన్ కాలం దాకా, అంటే క్యోటో రాజధానిగా ఉన్న వెయ్యేళ్ళ కిందటికి. మధ్యలో కథ నిజంగానే అక్కడికి వెళ్ళిపోతుంది, కంగారుపడకండి, తప్పు ఫైల్ ప్లే అవ్వలేదు. ఎవాంజెలియన్ 1995లో వచ్చింది, దాని తర్వాత అందరూ రోబోల్లో మార్మికత కలిపారు, గసరాకి మీద కూడా ఆ గాలి ఉంది, కాదనను. కానీ ఎవాంజెలియన్ మనిషి మనసులోకి దిగితే ఇది ప్రభుత్వ ఆఫీసుల్లోకి దిగుతుంది. దీనికి ఇంకా దగ్గరి చుట్టం 1993లో మమోరు ఓషీ తీసిన రెండో ప్యాట్‌లేబర్ సినిమా, అదీ టోక్యోలో తిరుగుబాటు కథే, మంత్రం మాత్రం ఉండదు.

ఎండింగ్ బాగోదంటారు నిజమేనా?

సగం నిజం. రాజకీయం కథ ముగిసే తీరు అద్భుతం, నిషిదా చివరి సీన్లు నేను చూసిన అనిమేల్లో బెస్ట్ వాటిలో పెడతా. ఆ తర్వాత చివరి ఎపిసోడ్‌లో మార్మిక కథ ముగించడానికి తొందరపడ్డారు, నాటర అనే దాని గురించి అంత పెద్ద విషయాన్ని అరగంటలో కుక్కేశారు, ఇంకో రెండు ఎపిసోడ్లు ఉంటే బాగుండేది. అయినా అక్కడ యూషిరో తీసుకునే నిర్ణయం మాత్రం మొదటి ఎపిసోడ్‌లో రాతి వేదిక మీద తీసుకున్న నిర్ణయానికి సరిగ్గా జవాబు. మొదటి ఎపిసోడ్‌లో నాట్యం మధ్యలో వాడు ఏం చేశాడో గుర్తుపెట్టుకోండి, ఆ ఒక్కటి గుర్తుంటే చివర అర్థమవుతుంది.

ఎలా చూడాలి?

జపనీస్ ఆడియోతో, ఎందుకంటే నో గొంతు డబ్బింగ్‌లో రాదు. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, అమెరికాలో ఏడీవీ ఫిల్మ్స్ వాళ్ళు దీన్ని డిస్కుల మీద తెచ్చారు. రోజుకి రెండు మూడు ఎపిసోడ్లు చాలు, ఫోన్ పక్కన పెట్టి చూడండి, సంభాషణ ఒక్క లైను మిస్ అయితే పావుగంట తర్వాత వీడెవడు అని వెనక్కి వెళ్ళాల్సి వస్తుంది. హెడ్‌ఫోన్స్ ఉంటే ఇంకా మంచిది. కునియాకి హైషిమా మ్యూజిక్, డప్పు ఒకటి కొట్టి తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు, ఆ నిశ్శబ్దం ఫోన్ స్పీకర్‌లో వినపడదు.

ఇంట్లో పిల్లలతో చూడొచ్చా?

చిన్నపిల్లలకి వద్దు. యుద్ధం, మనుషుల మీద ప్రయోగాలు, ఆత్మహత్య ఉన్నాయి. అసభ్యత లేదు. ఇంటర్ పిల్లలతో అయితే చూడండి, చూసి 1973 సోయా సంగతి, 9వ అధికరణ సంగతి చెప్పండి. నేను మా తమ్ముడితో చూశాను, నిషిదా మొదటి ఉపన్యాసం అయిపోగానే వాడు పాజ్ కొట్టి అన్నా, ఈయన చెప్పేది తప్పని నువ్వు ఎలా ప్రూవ్ చేస్తావు అని అడిగాడు, ఆ రాత్రి మేము ఇంకో ఎపిసోడ్ పెట్టలేదు, ఒంటిగంట దాకా దాని మీదే మాట్లాడుకున్నాం.